కొత్త సంసారం, ఊరి ప్రయాణాలు – 4వ పాఠం: ఒక పండగ, రెండు ఊళ్ళు, అరవై రోజులు

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని చేశారా? ఒక కాగితం మీద అడ్డంగా గీత గీసి, మీరుండే ఊరు, ఆయన వాళ్ళ ఊరు, మీ పుట్టిల్లు, ఈ మూడూ దాని మీద పెట్టమన్నాను. చేయకపోతే ఇప్పుడే చేసేయండి, రెండు నిమిషాల పని. ఇవాళ్టి పాఠమంతా ఆ గీత మీదే నడుస్తుంది.

నాది చూపిస్తాను. మేముండేది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు. అత్తగారిల్లు హన్మకొండ. మా పుట్టిల్లు కోనసీమలో అంబాజీపేట దగ్గర. పెళ్ళయిన మొదటి ఏడాదంతా వీటిని రెండు వేరే వేరే ప్రయాణాల్లాగే చూశాం. హన్మకొండ వెళ్ళడం, తిరిగి హైదరాబాద్ రావడం, బట్టలు ఉతుక్కోవడం, మళ్ళీ పెట్టె సర్దుకుని కోనసీమ బయల్దేరడం. ఒకసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మా ఇంటికి వెళ్తుంటే బండి వరంగల్‌లో ఆగింది. మా ఆయన కిటికీలోంచి ప్లాట్‌ఫారం వైపు కాసేపు చూసి, "మీ ఇంటికెళ్ళే బండి మా ఇంటి మీదుగానే పోతోంది కదా" అన్నారు. 1974లో మొదలైన బండి అది. కాజీపేట, వరంగల్, ఖమ్మం, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి అని చిన్నప్పటి నుంచి తెలిసిన వరసే. అయినా మా బుర్రలో లైటు వెలగడానికి ఏడాది పట్టింది.

కాబట్టి మొదటి అడుగు ఇది. రెండు ఇళ్ళూ ఒకే దారిలో ఉంటే మధ్యలో వెనక్కి రాకండి. మొదటి ఇంటి నుంచే రెండో ఇంటికి టికెట్ తీసుకోండి. రెండూ చెరో దిక్కున ఉంటే, అంటే ఒకరిది శ్రీకాకుళం, ఇంకొకరిది అనంతపురం అయితే ఈ చిట్కా పనిచేయదు, మీరు ఏ పండగ ఎక్కడ అన్నది మాత్రం తేల్చుకుంటే చాలు.

ఆ తేల్చుకోవడమే అసలు కష్టం. మేం మొదట్లో రోజులు లెక్కపెట్టి సమానంగా పంచాం, ఇటు రెండు రోజులు అటు రెండు రోజులని. ఇద్దరి ఇళ్ళల్లోనూ ముఖాలు ముడుచుకున్నారు. తర్వాత అర్థమైంది, అడిగేది రోజుల సంఖ్య కాదు, ఏ రోజు అన్నది. మా వైపు సంక్రాంతి అంటే ప్రాణం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మా నాన్న అల్లుడిని తీసుకెళ్ళకపోతే ఆయనకి పండగ జరిగినట్టే ఉండదు. అత్తమ్మకి దసరా ముఖ్యం, బతుకమ్మ ముఖ్యం, జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకి మొక్కించుకోవడం ముఖ్యం. సంక్రాంతి విషయంలో ఆమె అడిగింది ఒక్కటే: "పండుగకు అటే పోండ్రి బిడ్డా, సకినాలు చుట్టే నాడన్న ఇక్కడుండండ్రి." ఎంత సులువైన కోరికో చూడండి! మేం అడగలేదు కాబట్టి ఏడాదంతా తెలియలేదు. మీరు ఫోన్ చేసి అడగండి, "ఎన్ని రోజులుండమంటారు" అని కాదు, "ఏ రోజు మేం తప్పకుండా ఉండాలి" అని.

ఇప్పుడు లెక్కకి వద్దాం. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులు, ప్రయాణం చేసే రోజు కలపకుండా. 2026 సంక్రాంతికి మేం వేసుకున్న పథకం చెప్తాను, మీ తేదీలకి మార్చుకోండి. భోగి జనవరి 14 బుధవారం. 10వ తేదీ శనివారం పొద్దున హన్మకొండ, శని, ఆదివారాలు సకినాలు. 12 సోమవారం రాత్రి వరంగల్‌లో రైలెక్కి 13 తెల్లవారేసరికి రాజమండ్రి. అక్కడి నుంచి రావులపాలెం మీదుగా ఇంటికి. కనుమ 16. కనుమ నాడు కాకైనా కదలదంటారు మా వైపు, ఆ రోజు తిరుగు ప్రయాణం పెడితే మా అమ్మ టికెట్ చింపేస్తుంది (ఫోన్‌లో ఉంటుంది కాబట్టి ఫోన్ దాచేస్తుంది). అందుకని తిరుగు రైలు 17 రాత్రి.

వెనక్కి లెక్కపెట్టండి. జనవరి 12 నుంచి పన్నెండు రోజులు వెనక్కి వెళ్తే డిసెంబరు 31. ఇంకో ముప్ఫై ఒకటి తీస్తే నవంబరు 30, ఇప్పటికి 43 అయ్యాయి. మిగిలిన 17 తీస్తే నవంబరు 13. అదే వెళ్ళే టికెట్ తెరిచే రోజు, ఉదయం 8 గంటలకి. తిరుగు టికెట్‌కి ఇలాగే చేస్తే నవంబరు 18 వస్తుంది. వేళ్ళ మీద ఒకసారి మీరే చేసి చూడండి, ఫోన్‌లో చూసుకోవచ్చులే అనుకుంటే పండగ హడావిడిలో ఒక రోజు అటూ ఇటూ అయి కూర్చుంటుంది. రెండు తేదీలూ అప్పుడే కేలండర్‌లో అలారం పెట్టేసుకోండి. వెళ్ళే టికెట్ దొరికిన సంతోషంలో తిరుగు టికెట్ మర్చిపోయేవాళ్ళని చాలామందిని చూశాను. పండగ అయ్యాక హైదరాబాద్ రావడమే వెళ్ళడం కంటే కష్టం, విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర కార్ల బారు ప్రతి సంక్రాంతికీ టీవీలో చూస్తూనే ఉంటాం కదా.

ఇక్కడో మెలిక ఉంది. ఆ 60 రోజులు మీరు ఎక్కే తేదీ నుంచి కాదు, రైలు మొదటి స్టేషన్లో బయల్దేరే తేదీ నుంచి లెక్క. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి వచ్చే బండి మన స్టేషన్‌కి మర్నాడు వస్తే, దాని బుకింగ్ ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. మీరు తాపీగా మర్నాడు కూర్చుంటే మిగిలేది వెయిటింగ్ లిస్టే.

దీనికి తోబుట్టువు లాంటి మెలిక ఇంకొకటి, అది మమ్మల్ని నిజంగానే ముంచింది. పెళ్ళయ్యాక మొదటి శ్రావణమాసం, మా పుట్టింటి నుంచి తిరుగు ప్రయాణం. టికెట్ మీద 18వ తేదీ, 00:35 అని ఉంది. మేం 18 రాత్రి భోంచేసి, మా నాన్న కారులో దింపితే రాజమండ్రి స్టేషన్‌కి పదకొండున్నరకే చేరాం. చేతిలో కాజాల పెట్టె, కొబ్బరి బొండాల సంచి, మా అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి. బోర్డు మీద మా రైలు చూపిస్తోంది, నిశ్చింతగా కూర్చున్నాం. బండి వచ్చింది, మా బెర్తుల్లో ఎవరో పడుకుని ఉన్నారు. మా ఆయన గొడవకి దిగబోయేంతలో టీటీ టికెట్ చూసి, "మీ బండి నిన్న రాత్రి వెళ్ళిపోయిందండి" అన్నారు. 18వ తేదీ 00:35 అంటే 17 రాత్రి పడుకోకుండా ఎక్కాల్సినది. మా నాన్న ప్లాట్‌ఫారం మీద కాజాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒకటే నవ్వు. రాత్రి ఒంటిగంటకి మళ్ళీ ఇంటికి, పొద్దున బస్సు. అప్పటి నుంచి నా పద్ధతి ఏంటంటే, 00తో మొదలయ్యే టైము ఏ టికెట్ మీద కనిపించినా దాని పక్కన "అంటే ఫలానా వారం రాత్రి భోజనం అయ్యాక" అని కేలండర్‌లో మాటల్లో రాసుకుంటాను. అంకెలు మోసం చేస్తాయి కానీ భోజనం మోసం చేయదు.

తర్వాత, మధ్య స్టేషన్లో ఎక్కేవాళ్ళ సంగతి. మేం వరంగల్‌లో ఎక్కుతున్నాం కాబట్టి వరంగల్ నుంచే టికెట్ తీస్తే, మధ్య స్టేషన్ల కోటా చిన్నది, వెయిటింగ్ వస్తే కదలడం కష్టం. రైలు బయల్దేరే స్టేషన్ నుంచి టికెట్ తీసి, ఎక్కే స్టేషన్ అన్నచోట వరంగల్ పెట్టుకుంటే పెద్ద కోటాలో పడతాం. కొంచెం ఎక్కువ చార్జీ అవుతుంది, పండగ పూట అది డబ్బు దండగ కాదు. హైదరాబాద్‌లో ఎక్కేవాళ్ళు స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి, ఎందుకంటే 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచాక కొన్ని బళ్ళు అక్కడికి మారాయి. మియాపూర్ నుంచి సికింద్రాబాద్ అనుకుని బయల్దేరి, దారిలో చర్లపల్లి అని తెలిస్తే ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

ఉదయం 8 గంటల సంగతి త్వరగా చెప్పేస్తాను. రైలు టికెట్ల సైటు ఐఆర్‌సీటీసీలో మీ ఇద్దరి ఖాతాలకీ ఆధార్ ధ్రువీకరణ ముందే చేసి పెట్టుకోండి. బుకింగ్ తెరిచిన రోజు ఆన్‌లైన్‌లో ఆధార్ ఖాతాలకే అవకాశం అన్న నియమం 2025 అక్టోబరులో మొదటి పావుగంటతో మొదలై, తర్వాత ఆ సమయం పెంచుకుంటూ పోయారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ళూ, ఖాతాలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే ధ్రువీకరణ కాదు, ఇది 7:55కి తెలుసుకునే విషయం కాదు. ప్రయాణికుల పేర్లు ఆ ఖాతాలోనే ఉండే మాస్టర్ లిస్టులో ముందే దాచుకోండి. ఒకరు వెళ్ళే రైలు, ఇంకొకరు దాని వెనకాల వచ్చే రైలు, చెరో ఫోన్‌లో తెరిచి కూర్చోండి. ఒకరికి దొరకగానే రెండోవాళ్ళు ఆపేయాలి, మేం ఒకసారి ఇద్దరం తీసేసి కేన్సిలేషన్ చార్జీలు కట్టాం. తత్కాల్ మీద ఆశ పెట్టుకోకండి. ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు, కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ మనం రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు.

టికెట్ వచ్చాక బెర్తు లెక్క. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు భలే పనికొస్తుంది. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ బెర్తు నంబరుని 8తో భాగించండి, మిగిలిన శేషం చూడండి. 1, 4 అయితే కింది బెర్తు. 2, 5 మధ్యది. 3, 6 పైది. 7 సైడ్ కింద, శేషం సున్నా అయితే సైడ్ పైన. 43 వచ్చిందనుకోండి, ఐదు ఎనిమిదులు నలభై, మిగిలింది మూడు, పైకెక్కాలి. 44 అయితే కింద. సెకండ్ ఏసీలో మధ్య బెర్తు ఉండదు కాబట్టి అక్కడ 6తో భాగించాలి, 1, 3 కింద, 2, 4 పైన, 5 సైడ్ కింద, సున్నా సైడ్ పైన. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులకి ఈ లెక్క తెలిసుండటం వల్ల రైలెక్కక ముందే ఎవరితో బెర్తు మార్చుకోవాలో తెలిసిపోతుంది.

ఆర్‌ఏసీ వస్తే? ఎక్కొచ్చు, సైడ్ కింది బెర్తు ఇద్దరికి కలిపి. కొత్త జంటకి ఇంతకంటే ఏం కావాలి అనుకుంటాం. ఖమ్మం దాకా నిజంగానే బాగుంటుంది, కబుర్లు, ఒకే దుప్పటి. ఆ తర్వాత ఎవరి మోకాళ్ళు ఎవరివో తెలియదు, విజయవాడ వచ్చేసరికి మాటలుండవు. వెయిటింగ్ మాత్రం వేరే సంగతి, చార్ట్ అయ్యాక కూడా అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దవుతుంది, దాంతో రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు. అందుకే పండగకి బస్సు టికెట్ ఒకటి చూసి పెట్టుకోవడం మా ఇంట్లో అలవాటు.

ఇక సర్దడం. ఈసారి సంచిలో రెండు రకాల పెళుసు సరుకు ఉంటుంది, వెళ్ళేటప్పుడు సకినాలు, వచ్చేటప్పుడు పూతరేకులు. సకినాల సంగతి నాకు మొన్ననే చేతికొచ్చింది. నానబెట్టి పట్టించిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి తడిపి, పరిచిన తెల్లబట్ట మీద చేత్తో చుట్లు చుట్లుగా తిప్పుతారు. అత్తమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నటి తాడులా మెలి తిరుగుతూ దిగుతుంది, ఎక్కడా తెగదు. నాది రెండో చుట్టుకే తెగిపోతే పక్కింటి పిన్ని "ఆంధ్ర సకినం" అని పేరు పెట్టింది. సరే, అవి కవర్లో వేస్తే రాజమండ్రి చేరేసరికి పొడి అవుతాయి. వెడల్పాటి స్టీలు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఖాళీ లేకుండా మెత్తటి నూలుబట్ట కుక్కి మూత పెట్టండి, కదలకపోతే విరగవు. పూతరేకుల పెట్టె అన్నిటికంటే పైన, ఆత్రేయపురం నుంచి ఎంత ప్రేమగా తెచ్చినా దాని మీద ఒక్క చీర పెట్టినా రేకు నలిగిపోతుంది. పచ్చడి సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, నిలబెట్టి, బట్టల సంచిలో కాకుండా చేతి సంచిలో. గోంగూర నూనె నా పట్టుచీర అంచుకి ఎలా అంటిందో 2వ పాఠంలో చెప్పాను, మళ్ళీ ఏడవలేను.

ఈసారి ఇంటిపని మూడు ముక్కలు. రెండు ఇళ్ళకీ ఫోన్ చేసి ఆ ఒక్క రోజు ఏదో అడిగి రాసుకోండి, ఇద్దరూ ఒకే రోజు చెప్తే కంగారు పడకండి, వచ్చే పాఠం దాని గురించే. మీ తర్వాతి పండగ ప్రయాణానికి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి వెళ్ళడానికీ రావడానికీ రెండు తేదీలు తేల్చండి, రైలు బయల్దేరే స్టేషన్ తేదీ చూసుకుని. మూడోది, 29, 56, 63, ఈ మూడు స్లీపర్ బెర్తుల్లో మీ అత్తగారికి ఏది ఇస్తారో, ఎందుకో రాయండి. ఒకదాంట్లో కూర్చోగానే ఆవిడ మొహం వెలిగిపోతుంది, ఒకదాంట్లో పొద్దున ఆరింటి దాకా లేవడానికి తల తగులుతుంది, ఇంకోదాంట్లోకి ఆవిడ ఎక్కనే ఎక్కరు.