బెజవాడ నుంచి గుల్మార్గ్‌కి: స్కీయింగ్ ఎలా నేర్చుకోవాలి?

ఏటా చలికాలంలో మన విజయవాడ, గుంటూరు వైపు నుంచి బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా గుల్మార్గ్ వెళ్తున్నారు. ఫోటోలు బ్రహ్మాండంగా ఉంటాయి. అడిగితే మాత్రం సగం మంది "అబ్బే, స్కీయింగ్ మనవల్ల కాదండీ" అంటారు, ఇంకొకరు మోకాలికి బ్యాండేజీ చూపిస్తారు. వాళ్లలో చాలామందికి ఆగడం నేర్పకుండానే జారడం నేర్పారు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. సంక్రాంతి సెలవులు కలిసొస్తాయని ఆశపడి టికెట్లు తీసేయకండి. 2024 జనవరిలో వెళ్లినవాళ్లకు గుల్మార్గ్‌లో మంచు బదులు ఎండుగడ్డి కనిపించింది. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి నెలంతా నయం. ఢిల్లీ మీదుగా శ్రీనగర్, అక్కడి నుంచి యాభై కిలోమీటర్లు. మంచు బాగా పడితే గుల్మార్గ్‌కి కిందున్న తంగ్‌మార్గ్ ఊళ్లో దిగి, టైర్లకు గొలుసులు కట్టిన బండి మాట్లాడుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు. బృందంలో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

నెల ముందు నుంచే తొడలకు పని చెప్పండి. రోజూ గుంజీలు, గోడకుర్చీ. చిన్నప్పుడు మాస్టారు వేయించిన గోడకుర్చీయే, ఇప్పుడు మీ అంతట మీరే వేసుకోవాలి. ఇంద్రకీలాద్రి మెట్లో మంగళగిరి కొండ మెట్లో ఎక్కితే మంచిదే కానీ, మనకు పనికొచ్చేది దిగడం. మెల్లగా, మోకాళ్లు వంచి దిగండి. ఒంటి బరువును ఆపుకుంటూ దిగేటప్పుడు తొడ కండరం చేసే పనే స్కీల మీదా చేస్తుంది.

బట్టల విషయంలో ఒకటే మాట: జీన్స్ వద్దు, కాటన్ బనియన్ వద్దు. చెమటకు తడిసి ఒంటికి అంటుకున్నాక ఐదు నిమిషాలు నిలబడితే చాలు, వణుకు పుడుతుంది. లోపల పలుచటి థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్లు దిగని జాకెట్టు, ప్యాంటు. తాజా మంచు మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడతాయి. అందుకే సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయాలి. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి.

స్కీలు, బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి. బూటు ఎంచుకునేటప్పుడు రెండు జతల సాక్సులు వేసుకునే తెలివితేటలు చూపించకండి. రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఒకే జత, పొడుగువి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు భాగానికి తగలాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి రావాలి. ఇక బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడినప్పుడు బూటు నుంచి స్కీ ఊడిపోయేలా చూసేది అదే. మీ బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు అడుగు పొడవు చూసి దాన్ని బిగిస్తారు. పెళ్లి సంబంధానికి చెప్పినట్టు బరువు తగ్గించో, అనుభవం పెంచో చెప్పకండి. వదులైతే అనవసరంగా ఊడుతుంది, మరీ బిగిస్తే ఊడాల్సినప్పుడు ఊడదు, మోకాలి లిగమెంటు తెగొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం: స్నోప్లౌ, అంటే బ్రేకు. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి జారడం. పిల్లలకు నేర్పేటప్పుడు దీన్నే 'పిజ్జా' అంటారు. చెప్పడానికి ఒక్క ముక్క, చేయడానికి రోజంతా.

ముందు చోటు చూసుకోండి. వాలు చాలా తక్కువగా ఉండి, చివర దానంతటదే చదునైపోవాలి. కింద చెట్లు, స్లెడ్జి బండ్లు, ఫోటోలు దిగే జనం ఉండకూడదు. పోల్స్, అంటే చేతి కర్రలు, పక్కన పడేయండి. మొదటి రోజు పోల్స్ ముట్టుకోకూడదు, ఇది నా రూలు. కర్ర చేతిలో ఉంటే మనిషి కాళ్లతో ఆగడం మానేసి కర్రతో ఆగాలని చూస్తాడు.

మోకాళ్లు, చీలమండలు వంచి, బూటు ముందు నాలుకకు పిక్క ముందున్న ఎముక గట్టిగా ఆనాలి. జారుతున్నంతసేపూ ఆ ఒత్తిడి తెలుస్తూనే ఉండాలి. చేతులు రెండూ మీ కంటికి కనబడేంత ముందుకు. చూపు స్కీల మీద కాదు, వెళ్లే దారి మీద. మెల్లగా జారుతూ మడమలను బయటికి తోయండి. ముందు కొనల మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి. అవి ఒకదానిమీద ఒకటి ఎక్కితే బోర్లా పడతారు. లోపలి అంచులు మంచును గీరడం వినబడుతుంది. మడమలు ఎంత వెడల్పయితే వేగం అంత తగ్గుతుంది. మోకాళ్లు రెండూ ఆనించి బలం తెచ్చుకోవాలనుకోకండి, తోయాల్సింది కాళ్లతో.

మనవాళ్లందరూ చెడగొట్టేది ఇక్కడే. వేగం పెరగ్గానే భయమేసి వెనక్కి వాలతారు. మామూలు నేల మీద జారినప్పుడు ఒళ్లు చేసే పని అది. స్కీల మీద అలా వాలితే ముందు కొనల మీద బరువు పోతుంది, అవి మన మాట వినవు, వేగం ఇంకా పెరుగుతుంది. మా తోడల్లుడు ఒకసారి కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని వాలు మొత్తం దిగాడు. "ముందుకు వంగన్నా!" అని నేను అరుస్తుంటే, "వంగే ఉన్నాను, ఇదే ఆగట్లేదు!" అంటూ గుర్రాలవాళ్ల మధ్యలోకి వెళ్లి ఆగాడు. తను వెనక్కి వాలిన సంగతి వీడియో చూపించేదాకా నమ్మలేదు. కాబట్టి వేగం పెరిగిందనిపిస్తే పిక్క ముందున్న ఎముకను బూటు నాలుకకు ఇంకా గట్టిగా నొక్కండి. భయం చెప్పినదానికి సరిగ్గా ఉల్టా చేయాలి.

ఇక ఆగలేను అనిపిస్తే పక్కకు, కొండ ఉన్న వైపుకు తుంటి ఆనేలా పడండి. వెనక్కి చతికిలబడకండి, జారుతూ లేవబోకండి. మోకాళ్లు ఎక్కువగా పోయేది ఆ రెండు పనులవల్లే. పూర్తిగా ఆగాక, స్కీలను వాలుకు అడ్డంగా, మీకన్నా కిందివైపు పెట్టుకుని లేవాలి.

వాలు మీద ఒక గ్లవ్ వేసి, దానికి మూరెడు ముందు ఆగండి. వరసగా, చెప్పిన చోటల్లా ఆగగలిగితేనే తర్వాతి మెట్టు. "దాదాపు ఆగాను" అంటే ఇంకా రానట్టే.

కొందరు ఇన్‌స్ట్రక్టర్లు తమ కర్ర మన చేతికిచ్చి, పట్టుకుని పైనుంచి కిందికి లాక్కొస్తారు. అరగంటలో వీడియో తయారు, డబ్బులు తయారు, నేర్చుకున్నది సున్న. ఇంకొందరు స్నోప్లౌ పాతకాలపు పద్ధతి, నేరుగా స్కీలు సమాంతరంగా పెట్టి తిరగడం నేర్పుతామంటారు. చిన్నప్పటినుంచి రోలర్ స్కేటింగ్ చేసినవాళ్లకు కుదురుతుందేమో. నలభై దాటాక మొదటిసారి మంచు చూసినవాళ్లకు బ్రేకు ముందు, స్టైలు తర్వాత. బేరం మాట్లాడేటప్పుడే "మొదటి రోజు స్నోప్లౌ మాత్రమే" అని చెప్పండి. మొహం మాడ్చుకుంటే ఇంకొకరిని చూసుకోండి.

ఆగడం వచ్చాక తిరగడం తేలికే. స్నోప్లౌలో ఉండగానే కుడికాలి మీద బరువు వేస్తే ఎడమకు, ఎడమకాలి మీద వేస్తే కుడికి తిరుగుతారు. రెండో రోజు పోల్స్ తీసుకుని, మనల్ని స్కీల మీదే పైకి లాక్కెళ్లే చిన్న డ్రాగ్ లిఫ్టు పట్టుకోవచ్చు.

గండోలా (కేబుల్ కారు) రెండో దశ మాత్రం చూసొచ్చే టికెట్టుగానే వాడుకోండి. అది వెళ్లే అఫర్వాట్ కొండ దగ్గర దాదాపు 3,950 మీటర్ల ఎత్తు. సముద్రమట్టానికి కాస్తే పైనున్న ఊళ్లోంచి వెళ్లిన మనకు అక్కడ ఊరికే నిలబడినా ఆయాసం వస్తుంది. కిందికి దిగే దారులు చదును చేసినవి కావు, మంచు పడ్డది పడ్డట్టే ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో అఫర్వాట్ వైపు మంచుచరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. పలకలా ఒక్కసారిగా ఊడిపడే మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే తెగుతాయి. సరదాగా జారడానికి అందరూ వెతికే వాలులూ అవే. కొత్త మంచు భారీగా పడ్డ మొదటి ఒకటి రెండు రోజులు మరీ ప్రమాదం.

అయినా అక్కడి నుంచి జారాలనే పిచ్చి పట్టినవాళ్లు ముందు గుల్మార్గ్‌లోనో మనాలిలోనో ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలు నడిపే రెండు వారాల బేసిక్ కోర్సు చేయండి. తర్వాత బీకన్ (మంచు కింద ఉన్నవాళ్లను సిగ్నల్‌తో పట్టిచ్చే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడటమూ వచ్చి ఉండాలి. మంచులో కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పావుగంట తర్వాత వేగంగా పడిపోతుంది, కాబట్టి తవ్వి తీయాల్సింది పక్కనున్న స్నేహితులే. స్థానిక గైడు లేకుండా వెళ్లొద్దు. ఆయన పొద్దున్నే కొండవైపు చూసి "ఆజ్ నహీ" అంటే, ఇచ్చిన అడ్వాన్సు గురించి వాదించకుండా హోటల్‌కి వచ్చి కశ్మీరీ టీ, అదే కహ్వా, తాగండి.