గుమ్మడికాయ మీద రంగు పెచ్చులూడకుండా చేసిన పని (నా అనుభవం)

దసరాకి హాల్లో పెట్టుకుందామని తీపి గుమ్మడికాయల మీద ముగ్గులు వేస్తే, మర్నాటికే యాక్రిలిక్ రంగు పొరలుగా లేచిపోయేది. ఖరీదైన రంగు కొన్నాను, రెండు పూతలు వేశాను, ఎండలో పెట్టాను, లాభం లేదు.

తప్పు రంగుది కాదు, తొక్కది. దాని మీద మైనంలా నునుపు పొర ఉంటుంది. ఈసారి పూర్ణా మార్కెట్‌లో తొడిమ గట్టిగా ఉన్న, గీత పడని కాయ ఏరుకున్నాను. తడిగుడ్డతో తుడిచి రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టాను. మన వైజాగ్ సముద్రపు గాలికి పైన ఆరినట్టే ఉంటుంది గానీ, తొడిమ చుట్టూ పల్లంలో వేలు పెడితే చెమ్మ తగులుతుంది.

తర్వాత 220 నంబర్ ఉప్పుకాగితంతో మెల్లగా, మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దాను. గట్టిగా రుద్దితే తొక్క తెగి కాయ కుళ్లుతుంది. మొదటిది అలాగే పోయింది. దుమ్మును స్పిరిట్ దూదితో తుడిచి, తెల్ల యాక్రిలిక్ పలచగా ఒక పూత వేశాను. అది పూర్తిగా ఆరాకే చుక్కలు, మెలికలు.

12 రోజులైంది, గోటితో గీకినా రాలేదు. ఉప్పుకాగితం వల్లో, తెల్ల పూత వల్లో విడిగా చూడలేదు. బూడిద గుమ్మడికైతే హామీ ఇవ్వలేను. పండగయ్యాక ఆ కాయని దప్పళంలో మాత్రం వేయకండి, మా అత్తయ్య అప్పుడే అడిగారు.