నోడ్‌లో అబార్ట్ పిలిచినా పని ఆగకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: క్లయింట్ కనెక్షన్ తెంచుకుంది. మీరు అబార్ట్ (నోడ్.జేఎస్‌లో అబార్ట్‌కంట్రోలర్ ఇచ్చే, నడుస్తున్న పనిని ఆపమని చెప్పే ఫంక్షన్) పిలిచారు. అయినా లాగ్‌లో తర్వాతి స్టెప్పులు పడుతూనే ఉన్నాయి, చివరికి డేటాబేస్‌లో రికార్డు కూడా చేరిపోయింది.

ముందు ఇది చూడండి: సిగ్నల్ చివరిదాకా వెళ్తోందా?

పది మందిలో తొమ్మిది మంది ఇది చూడకుండానే లైబ్రరీలో బగ్ అంటూ వస్తారు. అబార్ట్ దేన్నీ చంపదు, కంట్రోలర్‌కి జతగా ఉండే సిగ్నల్ ద్వారా ఆగమని కబురు పెడుతుంది అంతే. ఆ కబురు అందని ఫంక్షన్ తన పని తాను చేసుకుపోతుంది. హ్యాండ్లర్‌లో కంట్రోలర్ పెట్టి, మొదటి ఫెచ్‌కి సిగ్నల్ ఇచ్చి, లోపలి ఫంక్షన్లకు ఇవ్వడం మర్చిపోతారు. ఫెచ్‌కే కాదు, టైమర్స్/ప్రామిసెస్‌లోని సెట్‌టైమ్‌అవుట్‌కి, ఈవెంట్స్.వన్స్‌కి, స్ట్రీమ్ పైప్‌లైన్‌కి కూడా సిగ్నల్ ఆప్షన్ ఉంది. సిగ్నల్ తీసుకోని లైబ్రరీ అయితే దాని అవెయిట్‌కి ముందూ వెనకా సిగ్నల్.త్రోఇఫ్‌అబార్టెడ్() పెట్టండి. అప్పటికే అబార్ట్ అయి ఉంటే అది అక్కడే ఎర్రర్ విసురుతుంది.

ప్రామిస్.రేస్‌తో (ముందు ముగిసిన ప్రామిస్ ఫలితాన్నే ఇచ్చేది) టైమ్‌అవుట్ పెట్టి క్యాన్సిల్ చేశామనుకోవద్దు. జవాబు త్వరగా వస్తుంది గానీ, ఓడిపోయిన ప్రామిస్ వెనకాల నడుస్తూనే ఉంటుంది.

సిగ్నల్ అంతటా ఉన్నా ఆగడం లేదా? అయితే మధ్యలో ఎవరో క్యాచ్ (ఎర్రర్‌ని పట్టుకునే బ్లాక్) పెట్టారు

ప్రాణం తీసేది ఇదే. మూడు స్టెప్పులు అనుకోండి: యూజర్ ప్రొఫైల్ తేవాలి, డిస్కౌంట్ లెక్కగట్టాలి, ఆర్డర్ రాయాలి. ప్రొఫైల్ ఫంక్షన్‌లో ఎవరో మంచి ఉద్దేశంతోనే, ఎర్రర్ వస్తే నల్ ఇచ్చేలా క్యాచ్ పెట్టారు. ఇప్పుడు అబార్ట్ వచ్చింది. ఫెచ్ బుద్ధిగా రిజెక్ట్ అయింది. క్యాచ్ దాన్ని మింగేసి నల్ ఇచ్చింది. రెండో స్టెప్, ప్రొఫైల్ లేదు కాబట్టి డిస్కౌంట్ సున్నా అనుకుంది. మూడో స్టెప్ ఆర్డర్ రాసేసింది. పని ఆగకపోవడం ఒక ఎత్తు, తప్పుడు డేటా పడటం ఇంకో ఎత్తు. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా కనపడదు.

రీట్రై రాపర్ (విఫలమైన పిలుపును మళ్ళీ ప్రయత్నించే ఫంక్షన్) కూడా ఈ బాపతే. అబార్ట్‌ని నెట్‌వర్క్ ఎర్రర్ అనుకుని, కాసేపాగి, అదే సిగ్నల్‌తో మళ్ళీ పిలుస్తుంది. అది వెంటనే రిజెక్ట్ అవుతుంది. ప్రయత్నాలన్నీ అయ్యేదాకా ఇదే తంతు.

పరిష్కారం ఒక్క లైన్. గొలుసులోని ప్రతి క్యాచ్ మొదటి లైన్‌గా ఇది ఉండాలి:

సిగ్నల్.త్రోఇఫ్‌అబార్టెడ్();

ఎర్రర్ పేరు అబార్ట్‌ఎర్రరా అని చూస్తే చాలదా? చాలదు. అబార్ట్‌సిగ్నల్.టైమ్‌అవుట్ వాడితే ఫెచ్ నుంచి వచ్చేది టైమ్‌అవుట్‌ఎర్రర్. అబార్ట్‌కి మీరే కారణంగా ఒక ఎర్రర్ ఇస్తే ఫెచ్ యథాతథంగా ఆ ఎర్రర్‌నే విసురుతుంది. టైమర్స్/ప్రామిసెస్ మాత్రం అబార్ట్‌ఎర్రరే ఇచ్చి, మీ కారణాన్ని దాని కాజ్‌లో పెడుతుంది. పేరు నమ్ముకుంటే ఒకచోట పట్టుకుని ఇంకోచోట వదిలేస్తారు. అందుకే సిగ్నల్‌నే అడగండి.

ఏ సిగ్నల్‌ని అన్నది కూడా ముఖ్యమే. ఒక్కో ప్రయత్నానికి 2 సెకన్ల టైమ్‌అవుట్‌ని రిక్వెస్ట్ సిగ్నల్‌తో అబార్ట్‌సిగ్నల్.ఎనీలో (ఏ ఒక్కటి అబార్ట్ అయినా తానూ అబార్ట్ అయ్యే సిగ్నల్) కలిపి ఇస్తే, రీట్రై క్యాచ్‌లో చూడాల్సింది బయటి రిక్వెస్ట్ సిగ్నల్‌ని. కలిపినదాన్ని చూస్తే మామూలు టైమ్‌అవుట్‌కి కూడా రీట్రై మానేస్తుంది.

ఫైనలీలో రోల్‌బ్యాక్, తాత్కాలిక ఫైల్ తీసేయడం లాంటి పనులకు ఈ సిగ్నల్ ఇవ్వకండి. అప్పటికే అబార్ట్ అయిన సిగ్నల్‌తో శుభ్రం చేసే పని మొదలుకాకుండానే రిజెక్ట్ అవుతుంది.

క్లయింట్ ఉండగానే అబార్ట్ అవుతోందా?

రిక్వెస్ట్ క్లోజ్ ఈవెంట్‌కి అబార్ట్ తగిలించి ఉంటారు. నోడ్ 16 నుంచి అది రిక్వెస్ట్ పూర్తయినప్పుడు వస్తుంది, కనెక్షన్ తెగినప్పుడు కాదు. రెస్పాన్స్ క్లోజ్ వినండి, అప్పుడు రైటబుల్‌ఫినిష్డ్ ఫాల్స్ (అంటే జవాబు పూర్తిగా పంపలేదు) అయితేనే అబార్ట్ పిలవండి.

అరుదుగా

అబార్ట్ అయిపోయాక లిజనర్ తగిలిస్తే ఆ ఈవెంట్ మళ్ళీ రాదు, ముందు సిగ్నల్.అబార్టెడ్ చూడండి. అవెయిట్ లేని పొడవాటి లూప్ నడుస్తున్నంతసేపూ అబార్ట్ పిలిచే కోడ్‌కే వంతు రాదు. ఆ లూప్‌ని వర్కర్ థ్రెడ్‌కి పంపండి.