గోడ మీది పంచాంగంతో చందమామ నేలను చదివే పద్ధతి

ముందే టెలిస్కోపు కొనకండి. మా తిరుపతి కొర్లగుంటలో ట్యూషన్‌కొచ్చే పిల్లల అమ్మానాన్నలకు నేను మొదట చెప్పే మాట ఇదే. కొనే ముందు ఒకసారి తిరుమల బస్సెక్కి, కిటికీ పక్క సీటు పట్టుకుని, ఘాట్ రోడ్డులో కొండ కోసిన చోట రాళ్లను చూడమంటాను. కింద గ్రానైటు ఉంటుంది, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. ఆ రెండూ కలిసే గీత పేరు ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ. జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించిన చోటది. ఆ సన్నని గీతలో పదుల కోట్ల ఏళ్లు ఆనవాలు లేకుండా పోయాయి. కిందున్నది ముందు పుట్టింది, మీద పరుచుకున్నది తర్వాత వచ్చింది. చంద్రుడైనా, అంగారకుడైనా, గురుడి చుట్టూ తిరిగే మంచు ఉపగ్రహాలైనా, నేల వయసును వరసలో పెట్టే పని ఇక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఇప్పుడు మిద్దెక్కుదాం. పౌర్ణమి నాడు మాత్రం వద్దు. ఆ రోజు సూర్యుడు మన వీపు వెనకే ఉన్నట్టు లెక్క, చంద్రుడి మీద నీడలే ఉండవు, నీడ లేనిదే ఎత్తుపల్లాలు తెలియవు. చూడాల్సింది వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర. శుక్ల పక్షంలో అక్కడ తెల్లవారుతూ ఉంటుంది. ఏ రోజు ఆ గీత ఎక్కడుంటుందో యాప్ లేకుండానే గోడ మీది పంచాంగం చెబుతుంది.

ఒక్కో తిథికి సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల దూరం పెరుగుతుంది. పంచమి ముగిసే వేళకు 60, అష్టమి ముగిసే వేళకు 96. ఆ అంకెను 90లోంచి తీసేస్తే, అప్పుడు చంద్రుడి మీద తెల్లవారుతున్న రేఖాంశం వస్తుంది. ప్లస్ అయితే తూర్పు, మైనస్ అయితే పడమర. చంద్రుడు మనకేసి ముఖం కాస్త అటూ ఇటూ ఊపుతుంటాడు కాబట్టి ఏడెనిమిది డిగ్రీల దాకా తేడా పడొచ్చు. ఏ బిలాన్ని (ఉల్క గుద్దిన గుంట, క్రేటర్) ఏ రాత్రి వెతకాలో తెలుసుకోవడానికి ఈ లెక్క చాలు.

షష్ఠి నాడు థియోఫిలస్‌ను పట్టుకోండి. తూర్పు 26 డిగ్రీల దగ్గర, సుమారు 100 కి.మీ. వెడల్పున్న బిలం. దాని అంచు పక్కనున్న సిరిలస్ గోడను కొరికేసి ఉంటుంది. వయసులో కొరికింది చిన్నది, కొరికించుకున్నది పెద్దది. వాటి పక్కనే కేథరీనా, అన్నిటికంటే అరిగిపోయి కనిపిస్తుంది. ఈ మూడింటినీ వయసు వరసలో రాయమంటే పిల్లలు సాయం లేకుండానే రాసేస్తారు. ఘాట్ రోడ్డు చూసి రానివాళ్లకే కష్టం.

అసలు సరదా దశమి రాత్రిది. కోపర్నికస్ బిలం పడమర 20 డిగ్రీల దగ్గరుంది, వెడల్పు 93 కి.మీ. దశమి ముగిసేటప్పుడు తెల్లవారే గీత పడమర 30 దగ్గరికి చేరుతుంది. అంటే కోపర్నికస్‌లో ఎండ వాలుగానే ఉంటుంది, గోడ నీడ బిలం అడుగున పరుచుకుంటుంది. ఐపీస్‌కు ఫోను ఆనించి ఫోటో తీసి, లాప్‌టాప్ తెర మీద స్కేలు పెట్టి మూడు కొలతలు రాసుకోండి: బిలం వెడల్పు, నీడ పొడవు, బిలం నుంచి వెలుగు-చీకటి గీతకు ఉన్న దూరం. తిథి లెక్కలోని తేడా ఇక్కడ పనికిరాదు కాబట్టే మూడోది కొలుస్తున్నాం. బిలం వెడల్పునే కొలబద్దగా వాడండి, అంచు వైపు వాలడం వల్ల వచ్చే కుదింపు చాలావరకు దానితోనే సర్దుకుంటుంది.

చంద్రుడి మధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అంటే సుమారు 30 కి.మీ. గీత 300 కి.మీ. దూరంలో, అంటే మూడు కోపర్నికస్‌ల కంటే కాస్త ఎక్కువ దూరంలో ఉంటే, అక్కడ ఎండ 10 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. బిలం 62 మి.మీ., నీడ 14 మి.మీ. వచ్చిందనుకుందాం. నీడ 21 కి.మీ. దాన్ని టాన్ 10, అంటే 0.176తో గుణిస్తే 3.7 కి.మీ. లోతు. అంతరిక్ష నౌకల కొలత సుమారు 3.8. పదో తరగతి త్రికోణమితి ఎందుకని అడిగే పిల్లలకు నేను వేరే జవాబు చెప్పను.

సామాను సంగతి తొందరగా ముగిస్తాను. 70 మి.మీ. కటకమున్న టెలిస్కోపు చాలు. పెట్టె మీద 500 రెట్లు, 600 రెట్లు అని రాసి ఉంటే నమ్మకండి, మి.మీ.లకు రెట్టింపు దాటితే మసకే. ఫాల్గుణ, చైత్ర మాసాల అష్టమి చంద్రుడు మనకు దాదాపు నడినెత్తిన ఉంటాడు, గాలి కదలిక తక్కువ. అప్పటికి మిద్దె వేడి కక్కుతుంటుంది, సాయంత్రమే నీళ్లు చల్లి పెట్టండి.

చంద్రుడి మీద గాలి ఉందో లేదో తేల్చడానికి చుక్క కావాలి. రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ, ఈ నాలుగు ప్రకాశమైన నక్షత్రాలు చంద్రుడి దారిలో ఉన్నాయి. కొన్నేళ్లు నెలనెలా చంద్రుడు వాటిని కప్పుతాడు, తర్వాత కొన్నేళ్లు కప్పడు. శుక్ల పక్షమైతే చుక్క చీకటి అంచు వెనక్కి పోతుంది, వీడియో తీయడం సులువు. మెల్లగా మసకబారకుండా ఒకటి రెండు ఫ్రేముల్లోనే ఆరిపోతుంది. వెలుగును వంచే గాలి అక్కడ లేదు.

పెద్దవాళ్లూ ఇదే పని చేశారు. చిత్తూరు నుంచి వేలూరు దాటి పోతే జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ వస్తుంది. అక్కడ కొత్తగా బిగించిన 1 మీటరు టెలిస్కోపుతో 1972 జూన్ 7న గురుడి మంచు ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రాన్ని కప్పడం చూశారు, జావా నుంచి ఇంకో బృందం చూసింది. ఆ వెలుగు తగ్గిన తీరును బట్టి గానిమీడ్‌కు పల్చటి వాతావరణం ఉందన్నారు. 1979లో వాయేజర్ 1 నౌక చూస్తే అంత గాలి లేదని తేలింది. 1990లలో హబుల్ టెలిస్కోపు మాత్రం అతి పల్చటి ఆక్సిజన్‌ను పట్టుకుంది. గురుడి అయస్కాంత క్షేత్రంలోని కణాలు మంచును కొట్టి నీటి అణువును విరగ్గొడతాయి, తేలికైన హైడ్రోజన్ పారిపోతుంది, ఆక్సిజన్ కాస్త మిగులుతుంది. మంచు లోకాల్లో నేలనూ గాలినీ విడివిడి పాఠాలుగా చదివితే ఏదీ అర్థం కాదని నా అభిప్రాయం.

కోపర్నికస్ లెక్క కుదిరినవాళ్లు ఇస్రో వాళ్ల ప్రదాన్ పోర్టల్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. మన జిల్లా శ్రీహరికోట నుంచి 2019 జులై 22న వెళ్లిన చంద్రయాన్-2 చిత్రాలు అందులో ఉన్నాయి. ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా ఫైళ్లు చాలా పెద్దవి, ముందు చిన్న నమూనా చిత్రమే దించుకోండి. అందులో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద పావు మీటరు. చంద్రయాన్-3 విక్రమ్ దిగిన దక్షిణ 69 డిగ్రీల ప్రాంతంలో ఎండ ఎప్పుడూ 23 డిగ్రీలు దాటదు, చిన్న రాయికి కూడా పొడవాటి నీడే. చిత్రంతో వచ్చే వివరాల ఫైలులో సూర్యుడి కోణం చూడండి. అది 10 డిగ్రీలై, నీడ 40 చుక్కలు సాగితే పొడవు 10 మీటర్లు, బండ ఎత్తు 1.8 మీటర్లు.