బాల్ పైతాన్ తిండి మానేసిందా? ముందు కాటా తీయండి

ఇళ్లలో పెంచుకునే విదేశీ పాము బాల్ పైతాన్ ఎలుకను ముట్టకపోతే చాలామంది వెంటనే ఎలుకను మారుస్తారు, పెట్టె మారుస్తారు, చివరికి నోరు తెరిచి కుక్కాలని చూస్తారు. ఇవేవీ వద్దు. వంటింటి డిజిటల్ కాటా మీద మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టి, సున్నా చేసి, పామును అందులో ఉంచి బరువు రాసుకోండి. వారం పది రోజులకొకసారి అదే డబ్బా, అదే కాటా. కిలోన్నర పాము నెల రోజులు తినకుండా ఇరవై ముప్పై గ్రాములే తగ్గితే కంగారు అక్కర్లేదు. పదో వంతు, అంటే 150 గ్రాములు పోతే మాత్రం వైద్యుడికి చూపించాలి.

విజయనగరంలో మా ఇంట్లో ఉన్న మగ పాము పేరు కంద. తల లోపలికి దాచుకుని చుట్టుకుంటే అచ్చం కందగడ్డే. పైడితల్లి సిరిమానోత్సవం దాటిందంటే దీనికి తిండి మీద విరక్తి మొదలవుతుంది. “నాగుల చవితి ఉపవాసం పట్టింది అమ్మాయ్, కాసిని పాలు పెట్టి చూడు” అంటారు మా అత్తగారు. పాలు పెట్టకండి. అవి పాము ఆహారం కాదు, అరగవు కూడా. దాహంతో అలమటించే పాము ఏ ద్రవం దొరికినా తాగుతుంది, అంతే. అయితే ఆవిడ చెప్పిన కాలం మాత్రం సరైనదే. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన ఈ జాతిలో పెద్ద పాములు, ముఖ్యంగా జతకట్టే వయసు మగవి, చల్లటి నెలల్లో చాలా రోజులు తిండి ముట్టకపోవడం మామూలే. పిల్ల పాములకు అంత నిల్వ ఉండదు. అవి వరుసగా మూడు నాలుగు వారాలు వద్దంటే కారణం వెతకాల్సిందే.

కారణం ఎక్కువసార్లు వేడిలోనే దొరుకుతుంది. పెట్టెలో ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీలు, రెండో వైపు 25 నుంచి 27 ఉండాలి. సంక్రాంతి రోజుల్లో రాత్రి గది చల్లబడి వెచ్చని వైపు కూడా పడిపోతుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా, పెట్టె కింద పరిచే హీట్ మ్యాట్ వాడితే పొట్ట కింద కాలుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో సమస్య తలకిందులవుతుంది. గదే 35 దాటితే మ్యాట్ ఆపేసి, పెట్టెను ఇంట్లో చల్లగా ఉండే మూలకు మార్చండి. ఆ వేడిలో పాము తినకపోవడం దాని తెలివి.

కళ్లు పాలనీలంగా మసకబారి, ఒంటి రంగు వెలిసినట్టు కనిపిస్తే కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు ఎలుక చూపించడమే అనవసరం. కుబుసం ఊడిన తర్వాత అడగకుండానే ఆకలేస్తుంది. పండక్కి వచ్చిన చుట్టాలందరూ “ఏదీ, ఒకసారి పట్టుకోనివ్వండి” అన్నా పాము తిండి మానేస్తుంది. మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

ఇక పెట్టే పద్ధతి. ఎలుక లావు పాము నడుము లావుకు మించకూడదు. గడ్డకట్టిన ఎలుకను ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. మర్నాడు రాత్రి కవరులో మూటకట్టి వేడినీళ్లలో ఉంచి, పట్టుకుంటే మన ఒంటి కంటే కాస్త వెచ్చగా తగిలేదాకా వేడెక్కించాలి. మైక్రోవేవ్‌లో పెడితే పొట్ట పగులుతుంది. తర్వాత తలను మరి కాసేపు ముంచండి. ఈ పాము పెదవుల వెంట ఉండే చిన్న గుంటలు వేడిని పసిగడతాయి, తల వెచ్చగా ఉంటే అక్కడే కాటేస్తుంది. లైటు ఆపి, పొడవాటి పటకారుతో తోక దగ్గర పట్టుకుని, దాక్కునే డబ్బా ద్వారం ముందు మెల్లగా కదపండి. నాలుక ఆడే వేగం ఒక్కసారిగా తగ్గి, మెడ ఎస్ ఆకారంలో వెనక్కి ముడుచుకుందంటే చెయ్యి కదపకండి. తీసుకోకపోతే అక్కడే స్టీలు పళ్లెంలో వదిలి, రెండు మూడు గంటల తర్వాత తీసి పారేయండి. మన ఉక్కపోతకు తెల్లారేదాకా ఉంచితే కంపు కొడుతుంది. మళ్లీ ప్రయత్నం వారం తర్వాతే. రోజూ చూపిస్తే దానికి ఎలుకంటేనే బెదురు పుడుతుంది.

పళ్లెం ఎందుకంటే, నేను పెట్టె అడుగున ఉద్దానం కొబ్బరి పొట్టు పరుస్తాను, తడి ఎలుకకు అది అంటుకుంటుంది. చిటికెడు పొట్టు మింగితే బయటికి పోతుంది. పెద్ద చెక్కముక్కలే ప్రమాదం.

చూడ్డానికి వింతగా ఉన్నా పట్టించుకోనక్కర్లేనివి కొన్ని ఉన్నాయి: చచ్చిన ఎలుకను చాలాసేపు చుట్టి నొక్కడం, తోక వైపు నుంచి మింగడం, మింగాక దవడలు సర్దుకోవడానికి పదేపదే ఆవులించడం. గోడ ఎలుకను పట్టి పెట్టడం మాత్రం చేయకండి. ఎవరింట్లో ఎలుకల మందు తిని వచ్చిందో తెలియదు. బతికున్న ఎలుకతో పామును ఒంటరిగా వదిలితే ఎలుకే పామును కొరికేస్తుంది.

మింగినది కక్కితే అది వేరే సంగతి. వేడి చాలకో, తిన్న రెండు రోజుల్లోపే చేతుల్లోకి తీసుకోవడం వల్లో, ఎలుక పెద్దదవడం వల్లో జరుగుతుంది. రెండు వారాలు ఏమీ పెట్టకండి, నీళ్లు మాత్రం ఉంచండి. తర్వాత మామూలు సైజులో సగం ఎలుకతో మొదలుపెట్టండి. రెండోసారి కక్కినా, నోట్లో నురగ, బుడగలు కనిపించినా, ఊపిరికి ఈలలాంటి చప్పుడు వచ్చినా ఆలస్యం వద్దు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పాములను చూసేవారు ఉన్నారేమో ముందు ఫోనులో కనుక్కోండి, అక్కడ కాకపోతే విశాఖలో వెతకండి.

ఇదంతా విదేశీ జాతి గురించే. జెర్రిపోతునో, మన కొండచిలువనో పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైతాన్‌ను కూడా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, బరువుల పుస్తకం, దొరికితే చిన్న డబ్బాలో తాజా మలం తీసుకువెళ్లండి. పామును గుడ్డసంచిలో వేసి, మూతి ముడివేసి, గాలి ఆడే డబ్బాలో పెట్టుకోండి. బస్సులో అయితే సంచిలో ఏముందో ఎవరికీ చెప్పకండి.