కుట్టు మిషనుతో పెరటికి నీడ: ఎండాకాలంలో కోళ్లను, కూరమొక్కలను కాపాడుకోవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. వరంగల్‌లో మే చివరి వారం మధ్యాహ్నం పెరట్లో చెప్పులు లేకుండా నాలుగడుగులు వేస్తే ఆ మాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. ఆ రోజుల్లో కొత్త విత్తనాలు పెట్టాలని, గుడ్లు పొదగేయాలని ఆరాటపడవద్దు. ఉన్న నాలుగు మళ్లు, ఆరు కోళ్లు మృగశిర దాకా క్షేమంగా ఉంటే అదే పెద్ద పంట. దానికి అన్నిటికన్నా ముందు కావలసింది నీడ. ఎలాగూ మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి వెళ్లలేం కాబట్టి, ఆ వేళలో మిషను ముందు కూర్చుంటే ఆ నీడను మనమే కుట్టుకోవచ్చు. హనుమకొండ శివారులోని మా ఇంటి వెనుక కొన్నేళ్లుగా నేను చేస్తున్న పద్ధతి ఇది.

ముందు ఎండను గమనించండి

కత్తెర పట్టే ముందు ఒక రోజు పెరటిని చూడండి. ఉదయం ఏడుకు, పదకొండుకు, మధ్యాహ్నం రెండుకు, నాలుగుకు నీడ ఎక్కడిదాకా వస్తున్నదో సున్నంతో గీత గీయండి. తూర్పు ఎండ మొక్కకు అవసరం, కోడికీ మంచిదే. ప్రాణం తీసేది పొద్దు వాలిన తరువాత పడమటి నుంచి పడే ఎండ, దాని వెంట వీచే వడగాలి. అందుకే తెర కట్టినా పందిరి వేసినా పడమటి వైపు మూసి, తూర్పు వైపు తెరిచి ఉంచాలి. నాలుగు వైపులా మూస్తే గూడు కాస్తా కుంపటి అవుతుంది.

గూటికి గోనె తెర

ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ ఉన్న వరంగల్‌లో గోనెసంచులకు కొరత లేదు. మిర్చి నింపిన సంచి దొరికితే మాత్రం పొడిగా దులపవద్దు. ముక్కుకు గుడ్డ కట్టుకుని నేరుగా తొట్టిలో ముంచి, రాత్రంతా నానబెట్టి, నీళ్లు రెండు మూడుసార్లు మార్చి ఉతకండి. ఆ ఘాటు మన కళ్లను మండించినట్టే కోడి కళ్లనూ మండిస్తుంది. ఎరువులో, పురుగుమందులో మోసిన సంచి ఎంత ఉతికినా పనికిరాదు, తీసుకోవద్దు.

సంచి అడుగు కుట్టు, పక్క కుట్టు విప్పితే ఒకే పెద్ద ముక్క వస్తుంది. గూటి పడమటి వైపు వెడల్పు కన్నా జానెడు ఎక్కువగా, కింద జానెడు ఖాళీ మిగిలేలా కొలత పెట్టుకోండి. ఆ ఖాళీలోంచి గాలి ఆడాలి. గోనెను ఊరికే కత్తిరిస్తే అంచు పోగులు పోగులుగా ఊడిపోతుంది. కాబట్టి గీసుకున్న గీతకు అటూ ఇటూ ఒక్కో వరుస కుట్టు వేసి, ఆ తరువాత రెండు వరుసల మధ్య కత్తెర పెట్టండి. మిషనుకు 18 నంబరు సూది, గట్టి పాలిస్టర్ దారం ఎక్కించండి. నూలు దారం రోజూ తడిసి ఆరుతుంటే త్వరగా చివికిపోతుంది. కుట్టు పొడవు మిషను ఇచ్చినంత పెద్దది పెట్టండి. పాత లుంగీ నుంచి నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు చింపి, వాటి మడతలో గోనె అంచును ఇరికించి కుట్టుకుంటూ పోవాలి. మూలల దగ్గర నాలుగైదు పొరలు కలుస్తాయి. అక్కడ తొక్కడం ఆపి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. తొలి తెరకు ఈ సంగతి తెలియక నేను మూడు సూదులు విరగ్గొట్టాను. సూది విరిగితే దాని ముక్క దొరికేదాకా వెతకండి. మెరిసేది కనబడితే కోడి ముక్కుతో పొడుస్తుంది, మింగేస్తుంది.

పైభాగంలో లంగాకు బొందు దూర్చడానికి కుట్టే మడత లాంటిదే కాస్త వెడల్పుగా కుట్టి, అందులో వెదురు బద్ద దూర్చితే తెరను చుట్టడం, దించడం తేలిక. పని అయ్యాక కింది దారం చుట్టిన బాబిన్ ఉండే చోట చేరిన గోనె నూగును బ్రష్షుతో తీసి, రెండు చుక్కల మిషను నూనె వేయండి. ఆ నూగు వదిలేస్తే మరుసటి రోజు జాకెట్టు కుట్టబోయినప్పుడు దారం చిక్కుపడుతుంది.

ఈ తెరను ఉదయం పదికి, ఒంటిగంటకు, మూడుకు తడపండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. తడి ఆరుతూ ఆరుతూ వేడిని తనతో లాక్కుపోతుంది. మబ్బు పట్టి ఉక్కపోత మొదలైన రోజు మాత్రం ఇదే తెర పనిచేయదు, పైగా గూట్లో చెమ్మ పెంచుతుంది. ఆ రోజు తడపకుండా పైకి చుట్టి కట్టేయండి.

మళ్లకు చీర పందిరి

దీనికి లేత రంగు పాత నేత చీరలు రెండు చాలు. ఒక్కో చీర అయిదున్నర మీటర్ల పొడవు ఉంటుంది. రెండింటినీ పొడవునా కలిపితే వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది. కలిపే చోట ఒక అంచును రెండో అంచు మీదికి మడిచి రెండు వరుసల కుట్టు వేయండి, లేదంటే మొదటి ఈదురుగాలికే చిరుగుతుంది. నాలుగు మూలలకు పాత ప్యాంటు గుడ్డ అతుకు వేసి, వాటికి తాళ్లు కుట్టండి. మొక్కల కన్నా మీటరు ఎత్తున, పడమటికి వాలుగా, కొంచెం వదులుగా కట్టాలి.

అన్ని మొక్కలకూ నీడ అక్కర్లేదు. బెండ, గోరుచిక్కుడు ఎండను ఓర్చుకుంటాయి. కొత్తిమీర, పుదీనా, బచ్చలి, చిన్న మిరప మొక్కలు పందిరి కిందికి రావాలి. టమాటా పూత రాలిపోతుంటే మందుల కోసం పరుగెత్తకండి, ఆ వేడికి పిందె పట్టదు. మొక్కను బతికించుకుంటే చల్లబడ్డాక మళ్లీ పూస్తుంది.

మా వైపు ఎర్రటి చెలక నేల నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచదు. మొదళ్ల చుట్టూ మూడు నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి పరవండి. కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలండి, చెదలు ఎక్కకుండా ఉంటుంది. సొర, బీర పాదుల మధ్య ఒక్కో మట్టికుండను మెడదాకా పాతిపెట్టి, నీళ్లు నింపి మూత పెడితే కుండ గోడల నుంచి ఊరే తడి నేరుగా వేళ్లకు అందుతుంది. రంగు వేసిన కుండ, మెరుగు పూత ఉన్న కుండ ఊరవు. కోళ్లు ఆ గడ్డిని క్షణంలో చిమ్మేస్తాయి కనుక మళ్ల చుట్టూ పాత దోమతెరతో దడి కట్టుకోక తప్పదు.

కోళ్లకు నీళ్లు, మేత

కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఎండ ముదిరినప్పుడు దగ్గర కూర్చుని చూడండి: ముక్కు తెరిచి రొప్పుతుంది, గొంతు కింద చర్మం సన్నగా అదురుతుంటుంది, రెక్కలను ఒంటికి ఎడంగా పెట్టి నిలబడుతుంది. అంతవరకు అది తనను తాను చల్లబరుచుకుంటున్నట్టే. మెడ వాల్చి, కళ్లు మూసుకుని, అదిలించినా లేవకపోతే వడదెబ్బ తగిలినట్టు. వెంటనే నీడకు తెచ్చి, కాళ్లను మామూలు చల్లని నీటిలో ఉంచి, కొద్దికొద్దిగా తాగించండి. మంచునీళ్లు ఒంటిమీద గుమ్మరించవద్దు. మూడేళ్ల కింద ఒక పొదుగు కోడిని పిల్లి భయంతో గంప కింద మూసి పెళ్లికి వెళ్లాను. సాయంత్రం వచ్చి గంప ఎత్తేసరికి అది గుడ్ల మీదే ప్రాణం విడిచి ఉంది. అప్పటి నుంచి మే నెలలో మా ఇంట్లో కోడిని పొదగేయడం లేదు.

మామూలు రోజుల్లో ఒక్కో కోడి పావు లీటరు నీళ్లు తాగుతుంది, ఎండల్లో అది రెట్టింపవుతుంది. వెడల్పాటి మట్టి మూకుళ్లలో పోసి రెండు మూడు చోట్ల నీడలో పెట్టండి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. మేత తిన్నాక అరుగుదలలో ఒంట్లో వేడి పుడుతుంది. అందుకే నూకలు, జొన్నలు, తవుడు ఉదయం ఆరులోపు ఒకసారి, పొద్దు గూకే ముందు ఒకసారి వేసి, మధ్యలో తోటకూర కాడలు, దోస చెక్కులు, పుచ్చకాయ తొక్కలు పడేస్తే చాలు. రొప్పుడు ఎక్కువైతే గుడ్డు పెంకు పలుచబడుతుంది. ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులను వేరే మూకుడులో ఉంచితే కావలసిన కోడి తింటుంది. ఈ కాలంలో గుడ్లు తగ్గడం సహజం, కోడిని తప్పు పట్టకండి. వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ లాంటి పెరటి జాతులైనా, నాటు కోడైనా ఇదే తీరు.

కోళ్లకు సోకే అంటురోగమైన కొక్కెర తెగులు టీకా సంగతి ఎండలు ముదరకముందే పశువైద్యశాలలో అడిగి వేయించండి. ఐసు డబ్బాలో తెచ్చిన మందునే, తెల్లవారుజామున వేయించాలి. రాత్రి గుడ్ల కోసం పాములు వస్తాయి, అందుకని పొద్దు గూకగానే గుడ్లన్నీ తీసేసి తలుపు వేయండి.

మృగశిర వచ్చేలోగా

కోడి పెంటను పచ్చిగా మొదలు దగ్గర వేస్తే మొక్క మాడిపోతుంది. ఎండుటాకులు, గడ్డితో పొరలు పొరలుగా వేసి, అప్పుడప్పుడు నీళ్లు చల్లి, పదిహేను రోజులకొకసారి తిరగేయండి. మార్చిలో మొదలుపెట్టిన కుప్ప జూన్‌కి నల్లగా, వాసన లేకుండా మాగుతుంది.

మిగిలిన చీర ముక్కలతో అరచేతంత విత్తన సంచులు కుట్టండి. దీనికి 11 నంబరు సూది చాలు. లావుగా, ముదురు ఎరుపుతో, తక్కువ కారంతో ఉండే మన చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో దాని విత్తనాలను బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, ఇలాంటి సంచిలోనే దాస్తాం. తొలి వాన పడి నేల చల్లబడగానే గోనె తెర విప్పి, ఉతికి, ఆరబెట్టి మడిచి పెడతాను. అదే రోజు ఆ సంచి మూతి విప్పి నారుమడి పోస్తాను.