స్లాబ్ పగిలితే సిమెంటు పూయకముందు ఇది చూడండి

స్లాబులో గీత కనబడగానే మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించేస్తాం. దయచేసి ఒక్కరోజు ఆగండి. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే చీలుతుంది. ఆ లాగుడు మొయ్యడానికే లోపల రాడ్లు వేస్తాం. కాబట్టి పగులు పైన పడిందా కింద పడిందా, గోడ దగ్గరా గది మధ్యలోనా అన్నది చూస్తే సగం కారణం దొరుకుతుంది. పూత పూశారంటే ఆ ఆచూకీ పోయినట్టే.

బాల్కనీ పైన, గోడ వెంబడి పొడుగాటి పగులు

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. బాల్కనీ, సన్‌షేడ్ గోడ పట్టుకుని బయటికి వేలాడుతుంటాయి. లాగుడు పైభాగాన ఉంటుంది, అసలు రాడ్లూ పైనే ఉండాలి. స్లాబ్ వేసే రోజు కాంక్రీటు మోసేవాళ్లు వాటి మీదే నడుస్తారు, రాడ్లు కిందికి దిగిపోతాయి. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంట్లో అలాంటి చోట చిప్పింగ్ చేయించి, అంటే కాంక్రీటు కొంచెం చెక్కించి చూశాను. ఐదంగుళాల స్లాబులో పైన ఉండాల్సిన రాడ్డు స్లాబ్ కింది అంచు నుంచి రెండంగుళాల్లోపే దొరికింది. ఆ అంచునే వరసగా పూలకుండీలు!

ముందు కుండీలు దించండి, మనుషుల్ని రానివ్వకండి, కింద జాకీలు (ఇనుప ఊతాలు) నిలబెట్టించండి. ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి ఇనుప బ్రాకెట్లు ఇవ్వాలో, పగలగొట్టి మళ్లీ వేయాలో తేలుస్తారు. ఎపాక్సీ (పగుళ్లలో నింపే జిగురు) నింపితే పగులు మూసుకుంటుంది గానీ రాడ్డు పైకి రాదు. కొత్తగా కట్టేవాళ్లయితే పై రాడ్లు దిగకుండా వాటి కింద చైర్లు (వంచిన ఇనుప ఆసరాలు) పెట్టించండి, నడవడానికి చెక్కలు వేయించండి.

గది మధ్యలో స్లాబ్ దిగినట్టుంటే

ఈ గోడ నుంచి ఆ గోడకు స్లాబ్ అడుగున దారం బిగించి, మధ్యలో స్కేలు పెట్టండి. కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం పొడవులో 250వ వంతు వరకే వంపు ఉండొచ్చు, అంటే నాలుగు మీటర్ల గదికి 16 మిల్లీమీటర్లు. ఎక్కువ వచ్చిందా, సెంట్రింగ్ (స్లాబ్ కింద పెట్టిన రేకులు, సపోర్టులు) ఎప్పుడు విప్పారో గుర్తు చేసుకోండి. మామూలు సిమెంటుకు 4.5 మీటర్ల లోపు స్లాబ్ కింద 7 రోజులు, అది దాటితే 14 రోజులు. బీమ్ కింద ఆరు మీటర్ల దాకా 14, ఆపైన 21 రోజులు సపోర్టులు ఉండాలి. పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) మెల్లగా బలం పుంజుకుంటుంది కనుక ఇంకొన్నాళ్లు ఉంచాలి. రేకుల అద్దె మిగుల్తుందని తొందరపడితే ఆ వంపు జీవితాంతం ఉండిపోతుంది.

తర్వాత ఎప్పుడో స్లాబ్ మీద, కింద బీమ్ లేని చోట ఇటుక గోడ కట్టి ఉన్నా ఇంతే. ఆ గోడ తీసి తేలికపాటి పార్టిషన్ పెట్టుకోండి, లేదా కింద ఇనుప బీమ్ బిగింపుగా ఇప్పించండి. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. మూడు నెలల్లో గీత దాటి సాగితే ఇక ఆలస్యం చేయకూడదు.

పెచ్చులూడి రాడ్డు బయటపడితే

పైన బాత్‌రూమో, నీళ్లు నిలిచే డాబానో ఉంటుంది. ముందు ఆ లీకు ఆపాలి. తుప్పు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును లోపలి నుంచి తోసేస్తుంది. సుత్తితో కొట్టుకుంటూ వెళ్లి, డొల్ల మోత ఆగి గట్టి చప్పుడు వచ్చేదాకా కొట్టేయాలి. రాడ్డు వెనక వేళ్లు దూరేంత ఖాళీ చేసి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మాలు) వేయాలి. రాడ్డు బాగా సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి. వట్టి ప్లాస్టరింగ్ మళ్లీ వానాకాలానికి రాలిపోతుంది.

స్లాబ్ వేసిన గంటల్లోనే సన్నని గీతలు

మే నెల బెజవాడ ఎండలో ఇది మామూలే, నీరు తొందరగా ఆవిరైపోతుంది. పచ్చిగా ఉండగానే మళ్లీ తాపీతో రుద్దితే మూసుకుంటాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి, వేసిన చోట వేసినట్టు తడి గోనెలు కప్పండి.

బెజవాడ వన్‌టౌన్ పాత మిద్దెలో నేల ఊగుతుంటే

దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. లోపలికి దిగితే చెదలో, చెమ్మో తినేసింది. ఆ చివర కోసి, గట్టి చెక్కదాకా పక్కన ఇనుప చానెల్ వేసి బోల్టులు బిగించాలి.

కింది అంతస్తు టైల్స్ డొల్లగా మోగితే

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో రోజుల తరబడి మునిగిన బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో ఇది చూడాలి. కింది అంతస్తులో నేల కింద స్లాబ్ ఉండదు, నింపిన మట్టే. నీటికి మట్టి కుంగి కింద ఖాళీ ఏర్పడి ఉండొచ్చు. టైల్స్ లేపి, ఇసుక పొరలు పొరలుగా నీళ్లు పెట్టి దిమ్మిస చేయించి, కొత్తగా బెడ్ కాంక్రీటు వేయించాకే టైల్స్ పరవండి.